ఓ తిట్టు తిట్టి వెళ్ళండి

తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు మనవరాలి బారసాల భోజనం చేసి, ఏలూరు బస్సెక్కి, కిటికీ పక్కన చోటు దొరికిన ఆనందంలో కునుకు తీస్తున్నాను. వెనక సీట్లో ఎవరో అమ్మాయి తన చంటిపిల్లని తిడుతోంది.

"నీటికాకీ, కొల్లేటి నీటికాకీ, మా చేపలన్నీ మింగేసి మళ్ళీ పాలు కావాలా నీకు?"

అది ముద్దుకి తిట్టే తిట్టని గొంతులోనే తెలుస్తోంది. అందులో వింత లేదు. పిల్లల్ని కోతి అంటారు, కాకిపిల్ల అంటారు, ఇంకా మనసులో ముద్దు ఎక్కువైతే దరిద్రపు ముఖం అని కూడా అంటారు. నీటికాకి అనడం మాత్రం నేనెక్కడా వినలేదు. చేపల చెరువుల్లో మునిగి తేలి, కర్రల మీద వాలి, రెక్కలు విప్పి ఆరబెట్టుకునే ఆ నల్ల పక్షి పేరుతో పిల్లని తిట్టిన మనిషి నాకు తెలిసి ఒక్కతే. ఆమె మా చెరువు గట్టు మీద ఉండేది.

నేను వెనక్కి తిరగలేదు. కళ్ళు కూడా తెరవలేదు. బస్సు ఊగుతుంటే సగం నిద్రలోనే ఆ గట్టు మీదికి నడిచి వెళ్ళాను.

ఇప్పుడు మేం వట్లూరులో ఉంటున్నాం గానీ, అప్పటికి ఆకివీడు దగ్గర మా ఊళ్ళోనే కాపురం. ఒకప్పుడు వరి పండిన మా చేను, చుట్టుపక్కల వాళ్ళ చేలతో పాటు చేపల చెరువైపోయింది. చెరువు కౌలుకిచ్చేసినా గట్టు మీద కొబ్బరిచెట్లు మావే. వాటిని చూసే వంకతో మధ్యాహ్నం పూట అటు నడిచేదాన్ని. అసలు సంగతి, మా ఆయన పెట్టే టీవీ హోరు పడలేక. గట్టు మీద ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. రొయ్యల చెరువైతే నీళ్ళు చిలికే మిషన్ల చప్పుడైనా ఉంటుంది. చేపల చెరువుకి అదీ లేదు. ఎండలో నీళ్ళు అలా మెరుస్తూ ఉంటాయి, మనం చూస్తూ ఉంటాం, ఎవరు నిద్రపోతున్నారో తెలియదు.

అలాంటి ఒక మధ్యాహ్నం కాపలా పాకలోంచి గొంతులు వినబడ్డాయి. ఒక మగవాడి బొంగురు గొంతు. దగ్గుతూ మాట్లాడే ముసలావిడ. ముక్కుతో మాట్లాడే మరో ఆడమనిషి. కొత్తగా కాపలాకి వచ్చిన జంటని చూడ్డానికి చుట్టాలొచ్చారు కాబోలు, ఉత్త చేతులతో వచ్చానే అనుకుంటూ తడిక పక్క నుంచి తొంగి చూశాను.

పాకలో ఒకే ఒక్క అమ్మాయి ఉంది. పాతికేళ్ళు కూడా ఉండవు. ఒళ్ళో రెండు నిండిన ఆడపిల్ల. ఎదురుగా ఇటుకకి ఆనించి పెట్టిన ఫోను. ఆ గొంతులన్నీ ఆమెవే.

"ఎవరొచ్చారమ్మాయ్?" అన్నాను.

"ఎవరూ రాలేదండి పిన్నిగారు. మావాళ్ళేనండి," అని ఫోను చూపించింది. కొత్త మనిషిని చూసిన బెదురు లేదు. నేనెవరో అడగకుండానే పిన్నిగారిని చేసేసింది. పిల్లని చంకనెత్తుకుని, పీట వేసి, "కూర్చోండి. మీ ఇంట్లో ఇవాళ కూరేంటండీ?" అంది.

బెండకాయ పులుసు అని చెప్పేశాక గానీ నాకు తట్టలేదు, ఆ పిల్ల ఎవరో నాకింకా తెలియదని.

ఫోన్లకి ముఖాలు చూపించి మాట్లాడే వాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు. హాయ్ ఫ్రెండ్స్ అంటారు, లైక్ కొట్టమంటారు, గంట నొక్కమంటారు. ఊళ్ళో అమ్మలక్కలు కూడా అదే పాట అందుకున్నాక నాకు మరీ ఒళ్ళు మండేది. ఈమె దగ్గర ఆ ముక్కలేవీ వినబడలేదు. ఫోను నొక్కి, కాస్త వంగి, "ఏవండీ, ఉన్నారా?" అనేది. అని ఆగేది. ఊరికే ఆ అద్దం వంక చూస్తూ కూర్చునేది. నాకు చిరాకేసి అడిగాను, ఎందుకాగుతావని.

"పిలిచాం కదండీ. చేతిలో పనొదిలి, గుమ్మంలోకి రావాలి కదండీ వాళ్ళు," అంది.

గుమ్మంలోకి వచ్చే వ్యవధి ఇచ్చాక మాట మొదలుపెట్టేది. పెద్ద సంగతులేం కావు. చింతచిగురులో మెత్తళ్ళ చేపలు వేసి వండాను, మీరు ముందు చిగురు వేస్తారా, మెత్తళ్ళు వేస్తారా. మా ఆయన చెరువులో చేపల మేత సంచులు కట్టడానికి పడవేసుకుని వెళ్ళాడు, ఎండ చూస్తే ఇలా ఉంది, తలకి తుండు కట్టుకోమంటే వింటాడా, మీ ఇంట్లో వింటారా. ప్రతి మాటా ఓ ప్రశ్న దగ్గరికి తెచ్చి వదిలేది. కథ మంచి పట్టులో ఉండగా, "ఉండండి, పాలు పొంగుతున్నాయి, రేపు చెప్తాను," అని లేచిపోయేది. పాలు నిజంగానే పొంగేవి. అబద్ధం ఆడడం నేను చూడలేదు. పాలు పొయ్యి మీద పెట్టాకే కథ మొదలుపెట్టేదని మాత్రం తర్వాత కనిపెట్టాను.

పిల్ల ముఖం తిన్నగా చూపించేది కాదు. కాటుక చుక్క పెట్టిన చెంపో, మట్టి అంటిన పాదమో, నూనె రాసిన తల వెనక భాగమో. అయినా జనం ఊరుకుంటారా, ముద్దుగా ఉందని రాసేవారు. అక్కడ మాత్రం ఆమెకి కోపం వచ్చేది.

"మెచ్చుకుని వెళ్ళకండి. దిష్టి తగులుద్ది. మెచ్చుకున్న నోటితోనే ఓ తిట్టు తిట్టి వెళ్ళండి," అనేది. వీడియో చివర నమస్కారానికి బదులు అదే.

ఇక చూడాలి. పాడుపిల్ల అని ఒకరు, నల్లకాకి అని ఒకరు, ఇలాంటి వికారపు పిల్లని మా జన్మలో చూడలేదని ఒకరు. హైదరాబాదు నుంచీ, దుబాయి నుంచీ, మా పక్కూరు నుంచీ కూడా. ఆమె ఆ తిట్లన్నీ పిల్లకి చదివి వినిపించేది. ఎవరి తిట్టు వాళ్ళ గొంతుతో. వాళ్ళ పేర్లు ఇంగ్లీషులో ఉండేవి, అవి ఆమె పట్టించుకునేది కాదు. పేరు పక్కన పెట్టుకున్న బొమ్మే గుర్తు. నెమలి బొమ్మ వదినగారికి ముక్కు గొంతు. లారీ బొమ్మ అన్నయ్యగారికి బొంగురు గొంతు. గులాబీ పువ్వు పెట్టుకున్నావిడని దగ్గే ముసలావిడని చేసింది, ఎందుకో మరి. ఎవరి గొంతూ ఆమె విననే లేదు.

లారీ అన్నయ్య గొంతు రాగానే పిల్ల కిలకిలమనేది. తడికలోంచి గీతలు గీతలుగా పడే ఎండలో, కదలని నీళ్ళ పక్కన, లేని మనుషులంతా వచ్చి ఒక పిల్లని తిట్టి వెళుతుంటే, నేను పీట మీద కూర్చుని ఎప్పుడు వచ్చానో, ఎప్పుడు వెళ్ళాలో మరిచిపోయేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "ముక్కూ ముఖం తెలియని వాళ్ళతో ఈ కబుర్లేంటమ్మాయ్? ఆ చెప్పేదేదో పిల్లకి చెప్పుకోరాదూ?"

ఆమె చేపల ముల్లు తీస్తోంది. తల ఎత్తలేదు.

"పిల్లకేనండి చెప్తుంది," అంది. "దీనికి మాటలు రాలేదండి పిన్నిగారు."

నేను ఏదో అనబోయాను, కొందరు పిల్లలకి ఆలస్యమే అని. ఆమె విననట్టే చెప్పుకుపోయింది. ఏలూరులో డాక్టరు గారికి చూపించారట. చెవులు బాగున్నాయి, నాలుకా బాగుంది, పిల్ల చుట్టూ నాలుగు గొంతులు వినబడాలమ్మా, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు అని అడిగారట.

"ఏం చెప్పమంటారండి. మాది దెందులూరు పక్కనండి. పుట్టింట్లో ఒకళ్ళు నోరు మూస్తే ఇంకొకళ్ళు తెరిచేవారండి. ఇక్కడ మేం ముగ్గురం, మిగిలినవి నీటికాకులు. మా ఆయన సంగతి మీకు తెల్సు కదండీ."

తెలుసు. మంచివాడే. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు.

"నేనొక్కదాన్నే వాగితే అది నా నోరు చూసి చూసి విసుగొచ్చి పడుకునేదండి. ఒంటరిగా మాట్లాడుకుంటుంటే నాకే భయమేసేదండి, పిచ్చెక్కిందేమోనని. అందుకని పదిమందినీ పిలుచుకున్నానండి."

"మరి ఈ సంగతి వాళ్ళకి చెప్పావా?"

"అమ్మో, చెప్పనండి. చెప్తే జాలి పడతారు. జాలిపడే నోళ్ళు మెత్తగా మాట్లాడతాయండి. నాకు పోట్లాడే నోళ్ళు కావాలి. దీనికి మాటంటే రుచి పుట్టాలి కదండీ."

ఆ సాయంత్రం ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెడుతూ, ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడితే చాలు దేవుడా, ఏ మాటైనా సరే అనుకున్నాను. ఆ తర్వాత కొబ్బరిచెట్ల వంక కూడా మానేసి తిన్నగా పాకకే వెళ్ళేదాన్ని.

కార్తీకం వెళ్ళి చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం పాకలో ఏ గొంతూ వినబడలేదు. ఇటుక మీద ఫోను ఉంది. పిల్ల దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తల్లి గుంజకి ఆనుకుని ఉంది.

"మూసేశారండి," అంది.

పొద్దున్నే ఛానెల్ తెరుచుకోకపోతే ఆకివీడులో ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి పరిగెత్తిందట. అతను ఇంగ్లీషులో వచ్చిన కబురు చదివి చెప్పాడట. ఒక చంటిపిల్లని ఇంతమంది కలిసి అదే పనిగా తిట్టిపోస్తున్నారనీ, ఇది క్రూరత్వమనీ, అందుకే తీసేశామనీ. ఎక్కడో కూర్చున్న ఏ యంత్రం చదివిందో, వికారపు పిల్ల, దరిద్రపు ముఖం, నల్లకాకి. దిష్టి అంటే ఏమిటో తెలియని చోట నుంచి చూస్తే అవి తిట్లే మరి. పిల్లని కాపాడాలనే మూశారు. తిట్టిన వాళ్ళు తిట్టిందీ పిల్లని కాపాడాలనే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తోచలేదు.

"అవి తిట్లు కావండీ, ముద్దులు అని రాయమన్నానండి ఆ అబ్బాయిని. రాశాడు. ఎవరూ పలకలేదండి." నవ్వబోయి ఏడ్చేసింది. నేను చూస్తుండగా ఆమె ఏడవడం అదొక్కసారే.

కొత్తది తెరిచింది. పాత జనానికి దారి తెలియలేదు. పోనీ ఈమే వాళ్ళని వెతుక్కుందామంటే ఒక్కరి పేరూ తెలియదు. నెమలి, లారీ, గులాబీ. లోకంలో ఎన్ని నెమలి బొమ్మలుంటాయి. పొయ్యి మీద పాలు పెట్టుకుని కథ మొదలుపెట్టేంత తెలివి ఉన్న మనిషి, పేర్లు చదువుకోవాలని అనుకోలేదు. అన్నయ్యగారూ అని పిలిచాక ఇంక పేరెందుకు అనుకుంది.

పిల్ల మాత్రం ఊరుకోలేదు. రోజూ ఫోను తెచ్చి ఇటుకకి ఆనించి, ఎదురుగా కూర్చుని, వాళ్ళమ్మ లాగే ఆగేది. గుమ్మంలోకి రావడానికి వ్యవధి ఇస్తున్నట్టే. ఆమె ఉత్తుత్తినే గొంతులు మార్చి చూసింది గానీ, తెర మీద బొమ్మలు రాకపోతే పిల్ల ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ నోరే అని దానికి అప్పుడు తెలిసిపోయినట్టుంది. అన్నం ముద్ద నోట్లోనే పెట్టుకుని కూర్చునేది. కొన్నాళ్ళకి ఆ నవ్వు కూడా పోతుందేమోనని తల్లికి భయం. నాకూ భయమే.

అందుకని ఒకరోజు, జీవితంలో ఏ నాటకంలోనూ వేషం వెయ్యని నేను, పాక వెనక తడిక పక్కన చేరి గొంతు బొంగురు చేసుకున్నాను.

"ఏం చెల్లెమ్మా, ఆ పాడుపిల్ల అన్నం తిందా?"

లోపలి నుంచి ఆమె, "ఎక్కడండీ అన్నయ్యగారు. ముద్ద నోట్లోనే ఉంది. మీరే అడగండి," అంది.

అడిగాను. దగ్గాను. ముక్కుతో మాట్లాడాను. మా ఆయన చూసి ఉంటే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. పిల్ల నడుచుకుంటూ తడిక చుట్టూ వచ్చి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నా నోటి మీద చెయ్యి పెట్టింది. నేను మళ్ళీ లారీ అన్నయ్యనయ్యాను. అరచెయ్యి తియ్యకుండానే అది నవ్వింది.

ఆ రోజు నుంచీ మధ్యాహ్నాలన్నీ మాకు అదే పని. పొద్దున పట్టిన మంచు ఇంకా నీళ్ళ మీద అక్కడక్కడా ఉండగానే వెళ్ళేదాన్ని ఒక్కోసారి. దూరంగా పడవ మీద వాళ్ళాయన సగం కనిపించి సగం కనిపించకుండా సంచులు కట్టుకుంటూ ఉండేవాడు. ఒకరోజు ఆ మంచులోంచి, నీళ్ళ అవతల నుంచి, "తిందా?" అని వినబడింది. ముత్యాల మనిషి నోరు విప్పాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఆ తర్వాత నేను మా పిన్నత్తగారింట్లో గృహప్రవేశానికి వెళ్ళి వస్తూ, పట్టుచీరతోనే గట్టు మీదికి వెళ్ళాను. ఆమె బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేతులాపేసి, "ఎంత బాగున్నారండీ పిన్నిగారు. లక్ష్మీదేవిలా ఉన్నారు," అంది. మనస్ఫూర్తిగా అంది. అని మళ్ళీ బియ్యంలో తల పెట్టేసింది.

పిల్ల నా వంక చూసింది. వాళ్ళమ్మ వంక చూసింది. ఏదో కావాలన్నట్టు ఇంకాసేపు వాళ్ళమ్మ వంకే చూసింది. అది రాలేదు. అప్పుడు లేచి వచ్చి, నా కుచ్చిళ్ళు పట్టుకుని, ముఖమంతా చిట్లించి, పెద్దగా అంది.

"కాకీ."

చేట జారి బియ్యం చెల్లాచెదురయ్యాయి. ఇద్దరం ఆ బియ్యంలోనే కూర్చున్నాం. వాళ్ళమ్మ మెచ్చుకుని తిట్టడం మరిచిపోయింది. నాకు దిష్టి తగులుతుందని ఆ పిల్ల తిట్టింది. నా జన్మలో నన్ను అంత ముద్దుగా ఎవరూ తిట్టలేదు.

ఆమె ఫోను వైపు చూసింది. "వాళ్ళకి చెప్పాలండీ," అంది. చెప్పే దారి లేదని గుర్తొచ్చి ఊరుకుంది. ఆ దిగులు మాత్రం ఆమెకి పోలేదు. పిల్లకి ఒక్కో మాట వస్తున్న కొద్దీ ఎక్కువైంది. "వాళ్ళు పెట్టిన మాటలండీ ఇవి. వాళ్ళకి తెలియకుండా పోయింది," అనేది.

వేసవిలో చేపల పట్టుబడి అయింది. చేపలన్నీ లారీలకెక్కాక కౌలుదారు వాళ్ళని వేరే జిల్లాలో ఇంకో చెరువుకి పంపాడు. ఆటోలో సామాన్ల మధ్య కూర్చుని పిల్ల కొబ్బరిచెట్లని తిట్టింది, పడవని తిట్టింది, నన్ను తిట్టింది. "మీ ఇంట్లో రేపు కూరేంటండీ?" అంది ఆమె, ఆటో కదులుతుంటే. రేపు వాళ్ళెక్కడుంటారో అనుకోకుండా నేను ఆనపకాయ అని చెప్పాను. తర్వాత కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి. వాళ్ళు నంబరు మార్చారు, మేం ఊరు మారాం. అంతే.

కళ్ళు తెరిచేసరికి బస్సు దెందులూరు దాటుతోంది. వెనక సీట్లో తిట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఈసారి తిరిగాను.

"ఆ నీటికాకి తిట్టు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

ఆ అమ్మాయి సిగ్గుపడింది. "ఫోన్లో ఒకావిడ ఉండేవారండి. చెరువు గట్టు మీద. వాళ్ళ పాపని అలా అనేవారండి."

"నీ పేరు పక్కన ఏం బొమ్మ పెట్టుకున్నావు?"

ఆమె వింతగా చూసి, "నెమలండి," అంది.

గొంతు ముక్కుతో ఏమీ లేదు. చక్కగా ఉంది. నేను ఎవరో, ఆ గట్టు ఎవరిదో చెప్పాను. ఛానెల్ ఎందుకు మూతపడిందో కూడా చెప్పాను. ఆమె ముఖం నల్లబడింది.

"అయితే మేం చేసిందేనా అండీ. ఆఖర్లో మరీ ఎక్కువ తిట్టాం," అంది. మళ్ళీ తనే మెల్లగా, "మాకు తెలుసండి. పాప నవ్వడం వినబడేది గానీ మాట ఎప్పుడూ వినబడలేదు. మాకూ పిల్లలున్నారు కదండీ, తెలీదేంటండి. అడిగితే ఆవిడ బాధపడతారని ఎవరం అడగలేదు. మాటలు రావాలనే ఇంకాస్త గట్టిగా తిట్టేవాళ్ళం," అంది.

జాలి వద్దని ఆమె దాచింది. దాచిందని తెలిసి వీళ్ళు దాచారు.

"వచ్చాయాండీ మాటలు?" అంది నెమలి బొమ్మ వదినగారు. ఒళ్ళో పిల్లని గట్టిగా పట్టుకుంది.

ఎంత ముద్దుగా మాట్లాడుతుందో తెలుసా అనబోయాను. నాలుక కరుచుకున్నాను.

"ఏం మాటలులే అమ్మా. నోరు మూస్తే ఒట్టు. నన్ను పట్టుకుని మొదటి మాటే కాకి అంది, పాడుపిల్ల."

ఆమె వెంటనే ఫోను తీసింది. ఛానెల్ పోయాక వాళ్ళలో కొందరు ఒకరినొకరు వెతుక్కుని కలిశారట. ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటారట. "అన్నయ్యగారండీ, నేనండి. మన నీటికాకికి మాటలొచ్చాయంటండి," అని, నాకూ వినబడేలా ఫోను మా ఇద్దరి మధ్యా పట్టుకుంది.

అవతల లారీ ఇంజను చప్పుడు ఆగింది. నేనన్నాళ్ళు గొంతు చించుకుని బొంగురుగా మాట్లాడింది ఎవరి బదులో ఆ మనిషి గొంతు, చిన్నపిల్లాడి గొంతులా ఎంతో సన్నగా ఉంది.

"ఛీ," అంది ఆ గొంతు. చాలాసేపటికి మళ్ళీ అంది. "ఛీ, పాడుపిల్ల."